టెలీస్క్రీన్‌కు మనిషి కావాలి, కెమెరాకు లెక్క చాలు

జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల 1949లో వచ్చింది. అందులో పార్టీ సభ్యుల ఇళ్లన్నిటా గోడకు ఒక టెలీస్క్రీన్ ఉంటుంది. అది బొమ్మలు చూపిస్తూనే ఎదుటివాణ్ణి కనిపెట్టుకుని ఉంటుంది. కథానాయకుడు విన్‌స్టన్ దాని గొంతు తగ్గించగలడు గానీ పూర్తిగా ఆపలేడు. (ఆర్వెల్ పుట్టింది మన దేశంలోనే, 1903లో బీహార్‌లోని మోతీహారిలో.) నిఘా కెమెరాల మాట వస్తే చాలు, చదువరులు ఈ నవలనే తలుచుకుంటారు. ఆ పోలిక సగమే కుదురుతుంది. కుదరని సగం గురించే ఎక్కువ ఆలోచించాలి.

నవలలో పోలీసులు ఏ తెరను ఎప్పుడు చూస్తారో ఎవరికీ తెలియదు. భయమంతా అందులోనే ఉంది. నిజంగా అందరినీ ఎల్లవేళలా చూడాలంటే మనుషులు చాలరు. 5 లక్షల మంది ఉన్న ఊళ్లో ఒక కాపలావాడు 20 తెరలు చూస్తాడనుకుందాం. ఒక షిఫ్టుకు 25 వేల మంది, మూడు షిఫ్టులకు 75 వేల మంది కావాలి. మళ్లీ వాళ్లమీద కాపలా ఎవరు?

ఇప్పుడు ఆ అడ్డు లేదు. తిరుమలలో 2023 మార్చి నుంచి సర్వదర్శనం క్యూలోనూ గదుల కేటాయింపులోనూ ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతి పెట్టారు. ఒకరే మళ్లీ మళ్లీ టోకెన్లు తీసుకోకుండా, గదులు దళారుల చేతికి పోకుండా చూడాలన్నది దాని ఉద్దేశం. ఇలాంటి వ్యవస్థలు సాధారణంగా ఇలా పనిచేస్తాయి: ముందు ఫొటోలో ముఖం ఎక్కడుందో వెతుకుతాయి. రెండు కళ్లు, ముక్కు కొస, పెదవుల రెండు చివరలు పట్టుకుని ముఖాన్ని నిటారుగా సర్ది, 112×112 చుక్కల చిన్న బొమ్మగా కత్తిరిస్తాయి. దాన్ని న్యూరల్ నెట్‌వర్క్ (ఎన్నో ఉదాహరణలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం) 512 అంకెల వరుసగా మారుస్తుంది. ఒక్కో అంకెకు 4 బైట్లు, అంటే ముఖానికి 2 కేబీ. రోజుకు 70 వేల మంది వస్తారనుకున్నా, వాళ్ల ముఖాలన్నీ కలిపి 140 ఎంబీ దాటి ఎంతో ఉండదు. ఒక కొత్త ముఖాన్ని వాటన్నిటితో పోల్చడం మామూలు కంప్యూటర్‌కు రెప్పపాటు పని.

కొండమీద ఒక విచిత్రం ఉంది. టోకెన్ తీసుకున్నప్పుడు ఒత్తయిన జుట్టు, గడ్డం. కల్యాణకట్టకు వెళ్లొచ్చాక గుండు, నున్నటి చెంపలు, నుదుట నామం. పక్కింటివాళ్లే తడబడతారు. ఫొటోను కత్తిరించడంలో జుట్టు భాగం చాలావరకు పోతుంది కాబట్టి యంత్రానికి గుండు పెద్ద అడ్డు కాదు. ముఖం వెనక నుంచి కొట్టే ఎండ, మాస్కు, కిందికి వంచిన తల దాన్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

అసలు చిక్కు మరోచోట ఉంది. రెండు ముఖాల అంకెల వరుసలు ఎంత దగ్గరగా ఉంటే ‘ఇద్దరూ ఒకరే’ అనాలన్న హద్దును మనిషే పెట్టాలి. గేటు దగ్గర మీ ముఖాన్ని మీ టోకెన్‌లోని ఫొటోతోనే పోల్చితే పొరపాటు అరుదు. ‘ఈ మనిషి ముందే వచ్చాడా?’ అని 70 వేల మందిలో వెతికితే లెక్క మారిపోతుంది. లక్ష పోలికల్లో ఒకటి తప్పు పోయే యంత్రం అనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఒక్క వెతుకులాటలోనే 70 వేల పోలికలు ఉంటాయి, కాబట్టి దాదాపు సగం సార్లు ఎవరో ఒకరు తప్పుగా దొరుకుతారు. కోటికి ఒక తప్పు అనుకున్నా, రోజుకు 70 వేల మంది వస్తే 490 మందిని అన్యాయంగా ఆపాల్సి వస్తుంది. హద్దు బిగిస్తే నిజంగా రెండోసారి వచ్చినవాడు జారిపోతాడు. రెండూ ఒకేసారి సాధ్యం కావు. అమెరికా ప్రమాణాల సంస్థ 2019లో చాలా అల్గారిథమ్‌లను పరీక్షించినప్పుడు ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లల విషయంలో తప్పుడు జోడింపులు ఎక్కువగా కనబడ్డాయి. క్యూలైనులో వీళ్లూ చాలామందే ఉంటారు. అందుకే యంత్రం ఆపినవాళ్లతో మాట్లాడి తేల్చే మనిషి పక్కన ఉండి తీరాలి.

ఆర్వెల్ నవలలో పాత వార్తలను ‘జ్ఞాపకాల కంత’లో పడేసి కాల్చేస్తారు. మన అంగళ్లలో ఆ పనిని కెమెరా దృశ్యాలు దాచే పెట్టె (డీవీఆర్) తనంతట తానే చేస్తుంది. 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) మీద రికార్డయ్యే కెమెరా రోజుకు 21.6 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలు, 1 టీబీ డిస్కు ఉంటే పదకొండు రోజులకు పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. దొంగతనం జరిగిన రెండు వారాలకు వెళ్లి అడిగితే ఏమీ దొరకదు. అదే 512 అంకెల వరుసైతే ఎవరో పూనుకుని చెరిపేదాకా ఉంటుంది, చోటు చాలని బాధ దానికి లేదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, ముఖాన్ని మార్చుకోలేం.

ఈ ముఖాన్ని మనమెందుకు ఇస్తున్నామన్న దానికి మాత్రం ఆర్వెల్ కన్నా ఆల్డస్ హక్స్‌లీ దగ్గరగా వస్తాడు. 1932లో వచ్చిన అతని ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో జనాన్ని లొంగదీసేవి సుఖం, మత్తునిచ్చే సోమా మాత్ర. ఇక్కడా ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు. గది త్వరగా దొరుకుతుంది, దళారీ బెడద తగ్గుతుంది. ఆ లాభం నిజమే, దాన్ని వెక్కిరించడం అన్యాయం. కొండ కింద అలిపిరి చెక్‌పోస్టు దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది, రద్దీ తగ్గించాలన్నది ఉద్దేశం. ఏ బండి ఎన్ని గంటలకు కొండెక్కిందో దాంతోపాటే నమోదవుతోంది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. అయితే తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రానికి అదే చట్టంలో ఉంది.

చట్టం సంగతి అలా ఉంచి, తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలో ఆధార్ జిరాక్స్ ఇచ్చి గది తీసుకునేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్’ అన్న గడిని టిక్ చేస్తే మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. జిరాక్స్ మీద తేదీ, లాడ్జీ పేరు, ‘గది కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి ఇవ్వండి. వేలిముద్రలు వాడని రోజుల్లో ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ వేసి ఉంచుకోవచ్చు. కౌంటర్‌లో ‘వాట్సాప్‌లో పెట్టండి సార్’ అంటే కాగితమే ఇవ్వడం మేలు. ఆ ఫొటో గుమాస్తా సొంత ఫోన్‌లోనూ దాని బ్యాకప్‌లోనూ ఉండిపోతుంది, ఆయన ఉద్యోగం మారితే ఆయనతోపాటే వెళ్లిపోతుంది.