మందారం ఎందుకు పాలిపోయింది?

చిన్నీ,

"తాతయ్యా, వారం వారం ఎరువు వేస్తున్నా మా బాల్కనీ మందారం ఎందుకు పాలిపోతోంది?" అని అడిగావు. ఫొటో చూశాను. పసుపెక్కినవి లేతాకులు, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ముదురాకులు ముందుగా పసుపెక్కి ఉంటే నత్రజని తక్కువైందేమో అనుకునేవాణ్ణి. ఇది ఇనుము అందక వచ్చిన తంటా.

మట్టిలో ఇనుము లేక కాదు. ఆవకాయ జాడీ నిండుగానే ఉంది, మూతే బిగుసుకుపోయింది. మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె పీహెచ్; అంకె పెరిగితే క్షారం పెరిగినట్టు. అది 6, 6.5 దగ్గర ఉంటే మూత వదులుగా ఉంటుంది, 7.5 దాటితే వేళ్ళకు ఊడిరాదు. నువ్వేమో ఎరువు పేరుతో మూత మీద ఇంకో గరిటె ఆవకాయ వేస్తున్నావు! మూత బిగించింది మీ బోరు నీళ్ళే. అందులోని బైకార్బొనేట్లు అనే లవణాలు రోజూ కొంచెం కొంచెంగా పీహెచ్ పెంచుతాయి. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? గీజరులో పేరుకునేదీ అలాంటిదే. మా చిన్నప్పుడు పెరటి మందారం వేళ్ళు ఎంత దూరమైనా వెళ్ళి వెతుక్కునేవి, కుండీలో దానికి ఆ వీలు లేదు.

ముందు కొలువు. పైమట్టి పక్కకి నెట్టి, మూడంగుళాల లోతు నుంచి మూడు చోట్ల మట్టి తీసి నీడలో ఆరబెట్టు. ఉండలు చిదిపి 20 గ్రాములు గాజు గ్లాసులో వేసి 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. బ్యాటరీలో పోసే నీళ్ళే అవి. కుళాయి నీళ్ళు కలిపితే వాటి పీహెచ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అరగంటలో నాలుగైదుసార్లు కలిపి, తేరాక, పైతేటలో పీహెచ్ పేపరు ముంచి వెంటనే దాని రంగును పేపరుతో వచ్చే రంగుల పట్టీతో పోల్చు. బురదలో ముంచితే మట్టి రంగే కనిపిస్తుంది. గుచ్చి చూసే చవక మీటర్లను నేను నమ్మను. తడిని బట్టి అంకె మారుస్తాయి.

పీహెచ్ 7.5 దాటితే, పొడిమట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ వెయ్యి. బుసబుస పొంగితే మట్టిలో సున్నం ఉన్నట్టే. పీహెచ్ తగ్గించే గంధకం దానికి చాలదు, మట్టి మార్చడమే మేలు. పొంగకపోతే 12 అంగుళాల కుండీకి అర టీస్పూను గంధకం పొడి, పైన రెండంగుళాల మట్టిలో అమ్మ చేత కలిపించు. కళ్ళలో పడితే మంట. ఆ పొడిని ఆమ్లంగా మార్చేది కంటికి కనబడని బాక్టీరియా! వాటికి తడి, వెచ్చదనం, ఆరేడు వారాల గడువు కావాలి. ఫలితం లేదని తొందరపడి మళ్ళీ వేస్తే వేళ్ళు మాడతాయి.

ఈలోగా మొక్క పస్తుండకుండా ఆకు నోటికే ముద్ద అందిద్దాం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం ఆకుల రెండు వైపులా పిచికారీ చెయ్యి. వారానికోసారి, మూడుసార్లు. ఎప్పటికప్పుడు కలుపుకో, నిలవుంటే తుప్పు రంగు తిరిగి పనికిరాదు. టైల్స్ మీద పడితే మరక పోదు.

పుల్ల మజ్జిగ, నిమ్మరసం పోయమని ఎవరైనా చెబితే విని ఊరుకో. బోరు నీళ్ళు మూత మళ్ళీ బిగించేస్తాయి. బూడిద అసలే వద్దు, అది పీహెచ్ పెంచుతుంది. ఆర్‌ఓ మెషిన్ వదిలేసే నీళ్ళలో ఉప్పులు మరీ ఎక్కువ. వాన నీళ్ళు పట్టి పోస్తే అంతకన్నా మంచిది లేదు.

రెండో వారంలో ఒక లేతాకును వెలుతురుకు ఎత్తి చూడు. మందు పడినచోట చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చ తిరుగుతుంటే మన అంచనా సరైనదే. ఎక్కడా తిరగకపోతే మొక్కను కుండీలోంచి తీసి, వేళ్ళు కుళ్ళాయేమో చూసి నాకు రాయి.

తాతయ్య