లాబ్రడార్: అమ్మేవాళ్లు చెప్పేవి, పశువైద్యుడు చూసేవి

మా క్లినిక్‌కి వచ్చే జాతి కుక్కల్లో లాబ్రడార్లే ఎక్కువ. వాటి వెంట వచ్చే మాటలూ ఎక్కువే.

అపోహ: "ఇది డబుల్ బోన్ డాక్టర్ గారూ, అందుకే ఇంత బరువు."

వాస్తవం: మామూలుకన్నా లావు ఎముకలుండే డబుల్ బోన్ అనే రకమే లేదు. పిల్లకి రేటు పెంచడానికి పుట్టిన మాట అది. ఎదిగిన మగ లాబ్రడార్ సుమారు 29 నుంచి 36 కిలోలు, ఆడది 25 నుంచి 32 కిలోలు ఉంటే సరిపోతుంది. 45 కిలోలు తూగే కుక్కని తెచ్చి ఎముక బరువంటే ఏం చెప్పను? నేను ముందు పక్కటెముకల మీద చెయ్యి వేస్తాను. గట్టిగా నొక్కకుండానే ఒక్కో ఎముకా వేళ్లకి తగలాలి. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. పరుపు తడిమినట్టుంటే అది కొవ్వే.

అమెరికాలో 48 లాబ్రడార్లని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్లు దాటాయి. రెండో గుంపులో ఆ వయసు 11.2 ఏళ్లే. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటికే ఆలస్యంగా వచ్చింది.

అపోహ: "ఎంత పెట్టినా ఇంకా అడుగుతోంది, పాపం చాలట్లేదేమో."

వాస్తవం: చాలక కాదు. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌కి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చెప్పారు. కడుపు నిండిందన్న కబురు అలాంటి కుక్క మెదడుకి సరిగ్గా అందదు. వైకల్యం ఉన్నవాళ్లకి సాయపడేలా శిక్షణ ఇచ్చే సహాయక కుక్కల్ని కూడా వాళ్లు పరీక్షించారు. వాటిలో 76 శాతానికి ఈ లోపం కనిపించింది. తిండి ఆశ ఉన్న కుక్క శిక్షణకి త్వరగా లొంగుతుంది కాబట్టి అలాంటివే ఎంపికవుతున్నాయేమోనని వాళ్ల అనుమానం. నాకూ సబబుగానే తోస్తుంది. అందుకే తిండి కొలిచి పెట్టండి, శిక్షణప్పుడు ఇచ్చే ముక్కలు కూడా ఆ కొలతలోంచే తీయండి. "రెండు పూటలా పెరుగన్నమే సార్" అనేవాళ్లెవరూ తాతగారు చాటుగా వేసే బిస్కెట్లు లెక్క చెప్పరు.

అపోహ: "తల్లి నలుపు, పిల్ల పసుపు. ఇది క్రాస్ అయ్యుంటుంది."

వాస్తవం: నలుపు, పసుపు, చాక్లెట్ మూడూ ఒకే జాతి. పసుపు జన్యువుని దాచుకున్న రెండు నల్ల కుక్కలకి పసుపు పిల్లలు పుట్టడం మామూలే. చాక్లెట్ రంగుకి అదనంగా డబ్బు కట్టాల్సిన పని లేదు.

అపోహ: కెనడాలోని లాబ్రడార్ అనే ప్రాంతంలో పుట్టింది కాబట్టే ఆ పేరు.

వాస్తవం: దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల దగ్గర వలలు, తాళ్లు, గాలం నుంచి జారిన చేపలు నీళ్లలోంచి తెచ్చిపెట్టేవి. జాతిగా తీర్చిదిద్దింది బ్రిటన్ ప్రభువులు. కుక్క జాతుల్ని నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో గుర్తించింది. నీళ్ల పని చేసిన ఆనవాళ్లు ఒంటి మీదే ఉన్నాయి: వేళ్ల మధ్య చర్మం, మొదట్లో లావుగా ఉండే తోక, రెండు పొరల బొచ్చు.

ఆ బొచ్చుని మే నెలలో నున్నగా గొరిగించి తెస్తారు, చల్లగా ఉంటుందని. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్ల. గొరిగితే చర్మం ఎండకి కాలుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు కూడా. రాలే వెంట్రుకలు దువ్వెనతో తీసేసి, వాకింగ్ తెల్లవారుజామున పెట్టుకుంటే చాలు.

అపోహ: "లాబ్ కరవదు."

వాస్తవం: వేటలో కాల్చిన పక్షిని పళ్లు దిగకుండా పట్టుకొచ్చేలా పెంచిన జాతి, నిజమే. మనుషులంటే ఇష్టం కాబట్టి కాపలాకి నమ్ముకోలేం. కానీ వేలాడే చెవుల్లో ఇన్‌ఫెక్షన్ తరచూ వస్తుంది, నొప్పిగా ఉన్న చెవి పిల్లాడు లాగితే ఏ కుక్కైనా కరుస్తుంది. ముందు మొహం తిప్పుకుంటుంది, తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే ఆ హెచ్చరిక మానేసి ఈసారి నేరుగా కరుస్తుంది. చెవి చూపించడానికి తీసుకురండి.