క్యాలిబర్ మారిస్తే స్టాంప్ చెల్లదా? ఎన్‌ఎఫ్‌ఏ తుపాకుల గురించి అపోహలు - వాస్తవాలు

డాలస్ పరిసరాల్లో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంలో మరమ్మతు పనితో పాటు ఎన్‌ఎఫ్‌ఏ (నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్, అంటే కొన్ని రకాల తుపాకులను, సప్రెసర్లను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలనే అమెరికా చట్టం) కాగితాల పని కూడా నేనే చూస్తాను. మా దగ్గరికి వచ్చేవారిలో వారాంతాల్లో అడవి పందుల వేటకు వెళ్లే తెలుగువారు కూడా ఉంటారు. వారిలో కొందరు 5.56 క్యాలిబర్ (తూటా సైజు) షార్ట్ బ్యారెల్ రైఫిల్‌తో, అంటే 16 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న రైఫిల్‌తో మొదలుపెట్టి, సప్రెసర్ (గొట్టం చివర బిగించే, చప్పుడు తగ్గించే పరికరం) బిగించినప్పుడు చప్పుడు బాగా తగ్గుతుందని .300 బ్లాక్అవుట్ అనే మరో క్యాలిబర్ వైపు మళ్లుతారు. ఆ తరువాత అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "స్టాంప్ మీద 5.56 అని ఉంది కదండీ, ఇప్పుడు మళ్లీ ఫారం 1 వేయాలా?" స్టాంప్ అంటే నమోదుకు ఆమోదం దొరికిందని చూపే పన్ను స్టాంప్; ఫారం 1 అంటే అలాంటి తుపాకీని తయారు చేసుకోవడానికి ముందుగా పెట్టే దరఖాస్తు.

అపోహ: ఒక్కో క్యాలిబర్‌కు ఒక్కో స్టాంప్ తీసుకోవాలి.

అక్కర్లేదు. ఏఆర్ తరహా తుపాకీ (ఏఆర్-15 నమూనా రైఫిల్) రెండు భాగాలుగా విడిపోతుంది: బ్యారెల్ ఉండే పైభాగం అప్పర్, ట్రిగ్గర్ ఉండే కింది భాగం లోయర్. సీరియల్ నంబర్ ఉండేది లోయర్ మీద. ఈ చట్టాన్ని అమలు చేసే సమాఖ్య సంస్థ ఏటీఎఫ్ రిజిస్ట్రీలోకి ఎక్కేది ఆ నంబరున్న రిసీవరే, అంటే లోయరే. ఫారంలో క్యాలిబర్, బ్యారెల్ పొడవు, మొత్తం పొడవు రాయించుకునేది ఆ తుపాకీని వర్ణించడానికి. కాబట్టి నమోదైన లోయర్ మీద 5.56 అప్పర్ తీసి .300 బ్లాక్అవుట్ అప్పర్ బిగించినా, 9 ఎంఎం అప్పర్ బిగించినా కొత్తగా తుపాకీ తయారు చేసినట్టు కాదు. పాత అప్పర్ మీ దగ్గరే ఉండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి బిగించుకోగలిగినంత కాలం అది తాత్కాలిక మార్పు కిందికే వస్తుంది, ఆ సంగతి ఏటీఎఫ్‌కు తెలియజేయవలసిన పని కూడా లేదు. మార్పు శాశ్వతమైనప్పుడు మాత్రం, అంటే పాత అప్పర్‌ను అమ్మేసి ఇక కొత్త క్యాలిబర్‌తోనే ఉండాలని నిర్ణయించుకున్నప్పుడు, ఎన్‌ఎఫ్‌ఏ డివిజన్‌కు రాతపూర్వకంగా తెలపమని ఏటీఎఫ్ సిఫారసు చేస్తుంది. దానికి ప్రత్యేక ఫారం గాని రుసుము గాని లేవు. రిజిస్ట్రీలో ఉన్నట్టుగానే మీ పేరు లేదా ట్రస్ట్ పేరు, తయారీదారు పేరు, సీరియల్ నంబర్, పాత వివరాలు, కొత్త వివరాలు రాసి, ఆమోదం పొందిన ఫారం నకలు జతచేసి, సంతకం పెట్టి వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌కు పంపితే సరిపోతుంది. ఆ లేఖ నకలును స్టాంప్‌తో కలిపి భద్రపరచుకోండి. అప్పర్ మార్చిన ప్రతిసారీ రిసీవర్ మీద కొత్త క్యాలిబర్ చెక్కించాలన్న మాట కూడా పుకారే.

ఇంతవరకు ఉన్న భయం వల్ల పోయేది కొంత డబ్బు, కొంత నిద్ర, అంతే. అసలు ప్రమాదం దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న మరో నమ్మకంలో ఉంది.

అపోహ: స్టాంప్ పొట్టి అప్పర్‌కు వచ్చింది, కాబట్టి ఆ అప్పర్ ఏ లోయర్ మీదైనా చెల్లుతుంది.

ఒక సాయంత్రం దుకాణం మూసే వేళకు ఒకాయన ఫోన్ చేశారు. కొత్తగా కొన్న 9 అంగుళాల .300 బ్లాక్అవుట్ అప్పర్‌ను తన నమోదైన లోయర్ మీద పెట్టుకున్నానని, క్యాలిబర్ మారింది కనుక కేసు అవుతుందేమోనని కొన్ని వారాలుగా సరిగ్గా నిద్రపోవడం లేదని చెప్పారు. అందులో తప్పేమీ లేదని చెప్పి, మరి పాత 5.56 అప్పర్ ఏం చేశారని అడిగాను. "అది వృథాగా ఎందుకని నా రెండో రైఫిల్‌కు పెట్టేశానండీ. దాని స్టాంప్ ఎలాగూ ఉంది కదా!" అన్నారు. ఆ రెండో రైఫిల్‌కు 16 అంగుళాల బ్యారెల్ ఉండేది, దానికి ఎన్‌ఎఫ్‌ఏ నమోదు లేదు. దాని మీద ఇప్పుడు 10.5 అంగుళాల బ్యారెల్ బిగించి ఉంది. చట్టం అనుమతించిన పనికి ఆయన వణికిపోయి, చట్టం శిక్షించే పనిని నిశ్చింతగా చేసి కూర్చున్నారు. ముందు ఆ అప్పర్ విప్పి పక్కన పెట్టమని, ఆ తరువాత ఇంకెవరితోనూ మాట్లాడకుండా తుపాకీ చట్టాలు తెలిసిన న్యాయవాదిని కలవమని చెప్పాను.

కారు టైర్లు తీసుకెళ్లి మరో కారుకు బిగిస్తే మొదటి కారు రిజిస్ట్రేషన్ రెండో దానికి అంటుకోదు; ఇక్కడా అంతే. బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గిన రైఫిల్ ఏదైనా షార్ట్ బ్యారెల్ రైఫిలే. నమోదు లేని లోయర్ మీద అలాంటి అప్పర్ బిగించిన క్షణంలోనే మీరు నమోదు కాని ఎన్‌ఎఫ్‌ఏ తుపాకీని తయారు చేసినవారు, దగ్గర పెట్టుకున్నవారు అవుతారు. దీనికి 10 ఏళ్ల వరకు జైలు, 250,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు, తుపాకీ జప్తవుతుంది, నేరం రుజువైతే ఆ తరువాత మరే తుపాకీనీ ముట్టుకునే అర్హత ఉండదు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి ఇమిగ్రేషన్ చిక్కులు వీటికి అదనం. "నాకు తెలియదు" అన్న మాట ఎంతవరకు పనికొస్తుందో కూడా అర్థం చేసుకోవాలి. 1994 నాటి స్టేపుల్స్ తీర్పులో సుప్రీంకోర్టు, తుపాకీని ఎన్‌ఎఫ్‌ఏ పరిధిలోకి తెచ్చే లక్షణం నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పింది. తెలిసి ఉండవలసింది ఆ లక్షణం. చట్టం తెలియకపోవడం రక్షణ కాదు. 10.5 అంగుళాల అప్పర్‌ను కొలత చూసి కొని, తన చేతులతో బిగించుకున్న మనిషికి దాని పొడవు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

మరి నమోదైన లోయర్ ఒకటి, మామూలు రైఫిల్ ఒకటి, వేర్వేరు క్యాలిబర్ల పొట్టి అప్పర్లు రెండో మూడో ఒకే అల్మరాలో ఉంటే ఏమిటని అడుగుతారు. ఆ అప్పర్లకు నమోదైన లోయర్ మీద చట్టబద్ధమైన ఉపయోగం ఉంది. విడిభాగాలకు సక్రమమైన వినియోగం ఉన్నప్పుడు వాటిని కలిగి ఉండటాన్నే తయారీగా చూడలేమని 1992లో థాంప్సన్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అయినా పొట్టి అప్పర్లను నమోదైన లోయర్‌తో కలిపి ఒక సంచిలోను, మామూలు రైఫిల్‌ను వేరొక సంచిలోను ఉంచమనే నేను చెబుతాను. ఆ సంచిలో స్టాంప్ నకలు కూడా ఉంచండి, ఎందుకంటే అడిగినప్పుడు నమోదు రుజువు చూపవలసిన బాధ్యత చట్టం మీ మీదే పెట్టింది.

అపోహ: లోయర్ నమోదై ఉంటే ఏ క్యాలిబర్ అయినా ఫరవాలేదు.

దాదాపు నిజమే, కాని రెండు హద్దులున్నాయి. మొదటిది, బోరు అర అంగుళం దాటితే, క్రీడావసరాల షాట్‌గన్‌ల వంటి మినహాయింపులు వదిలేస్తే, అది డిస్ట్రక్టివ్ డివైస్ అనే వేరే వర్గంలోకి పోతుంది, అప్పుడు షార్ట్ బ్యారెల్ రైఫిల్ నమోదు దానికి సరిపోదు. రెండవది, ఏఆర్‌లకు దొరికే .410 అప్పర్లలో లోపల గాడులు లేని నునుపు బ్యారెల్ ఉంటుంది. అలాంటిది 18 అంగుళాలకు తగ్గితే అది షార్ట్ బ్యారెల్ షాట్‌గన్ ప్రశ్న అవుతుంది గాని క్యాలిబర్ ప్రశ్నగా మిగలదు. కొనేముందే అడగండి.

చట్టంతో సంబంధం లేని మాటే అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. 5.56కూ .300 బ్లాక్అవుట్‌కూ బోల్ట్ ఒకటే, మ్యాగజైన్ ఒకటే; తేడా బ్యారెల్‌లోనే. .300 తూటా పొరపాటున 5.56 చాంబర్‌లోకి దూరి పేలితే తుపాకీ మీ ముఖం ముందే చీలిపోతుంది. మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టి వేరు చేసుకోండి.

అపోహ: సప్రెసర్‌కు కూడా ఇదే సూత్రం.

కాదు. .30 క్యాలిబర్ సప్రెసర్‌ను 5.56 రైఫిల్‌కు పెట్టుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, కాని దాని రంధ్రాన్ని మీరే ఇంట్లో డ్రిల్లు పట్టి పెద్దది చేయడం, విడి బాఫిల్స్ (సప్రెసర్ లోపల ఉండే బిళ్లలు) తెప్పించుకోవడం వేరే సంగతి. సప్రెసర్‌కు మాత్రమే పనికొచ్చే భాగాన్ని చట్టం సప్రెసర్‌గానే లెక్కిస్తుంది. లైసెన్సు ఉన్న తయారీదారుకు పంపండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో ఉన్నవారికి రాష్ట్ర చట్టమే సప్రెసర్‌ను నిషేధిస్తుంది కనుక ఈ చర్చే లేదు.

అపోహ: 2026 నుంచి పన్ను లేదు, కాబట్టి నమోదూ అక్కర్లేదు.

2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు, షార్ట్ బ్యారెల్ రైఫిళ్లకు, షార్ట్ బ్యారెల్ షాట్‌గన్‌లకు 200 డాలర్ల పన్ను సున్నా అయింది. మెషిన్‌గన్లకు, డిస్ట్రక్టివ్ డివైస్‌లకు అలాగే ఉంది. పన్ను పోయింది గాని ఫారం, వేలిముద్రలు, ముందస్తు ఆమోదం అన్నీ ఉన్నాయి.

ఇక అమ్మకం. నమోదైన తుపాకీని మరొకరికి బదిలీ చేసేటప్పుడు ఫారం 4లోని వివరాలు రిజిస్ట్రీలోని వివరాలతో సరిపోలాలి, కాబట్టి తాత్కాలికంగా మార్చిన క్యాలిబర్‌ను ముందే అసలు రూపానికి తీసుకురండి. లోయర్ చేతులు మారిన రోజున మీ దగ్గర మిగిలిన పొట్టి అప్పర్లకు ఉన్న చట్టబద్ధమైన ఉపయోగం కూడా దానితోనే పోతుంది, ఇంట్లో మాత్రం నమోదు లేని మామూలు రైఫిల్ ఉండిపోతుంది. ఆ అప్పర్లను లోయర్ వెళ్లేలోపే అమ్మేయండి, లేదా వాటికి 16 అంగుళాలకు తగ్గని బ్యారెళ్లు వేయించి, తీసిన పొట్టి బ్యారెళ్లను కూడా వదిలించుకోండి.