పట్టు మెరుపు, ఉక్కు మీద నీటి గీతలు

ధర్మవరంలో పట్టుచీర చూపించేటప్పుడు చెంగు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు, ఒకవైపు నుంచి ఎరుపు, ఇంకోవైపు నుంచి ఆకుపచ్చ. డబుల్ షేడ్ అంటారు దీన్ని. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు, అంతే. డమాస్క్ బట్టలో ఆ రెండో రంగు కూడా అక్కర్లేదు: పువ్వు ఉన్నచోట పడుగు దారం పైకి తేలేలా, చుట్టూ పేక పైకి తేలేలా నేస్తే, రెండిటి మీదా వెలుగు వేరుగా పడి ఒకే తెలుపులో పువ్వు కనిపిస్తుంది. సిరియాలోని డమాస్కస్ నగరం పేరే ఈ బట్టకూ, ఒంటినిండా నీటి అలల్లాంటి గీతలున్న కత్తులకూ పెట్టారు.

ఆ కత్తుల గీతలూ పైన చెక్కినవి కావు, ఉక్కులోనే ఉంటాయి. ఇలాంటి కత్తులకు పనికొచ్చే ఉక్కు ముద్దలు మన దక్షిణాది నుంచి చాలా వెళ్లాయి, నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి పర్షియా వర్తకులే వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. చేసే పద్ధతి నాకు భలే ఇష్టం. మట్టి మూసలో ఇనుము ముక్కలు, వాటితో తంగేడు కట్టె, జిల్లేడాకులు పెట్టి, మూతి మూసేసి కొలిమిలో గంటల తరబడి కాల్చేవాళ్లు. అనంతపురం, కడప గుట్టల మీద ఎవరూ పట్టించుకోకుండా పెరిగే అదే తంగేడు! కట్టెలోని కార్బన్ ఇనుములోకి ఎక్కి దాదాపు 1.5 శాతానికి చేరుతుంది. తర్వాత ఆ ముద్దను మరీ ఎక్కువ వేడి చేయకుండా మళ్లీ మళ్లీ కాచి సాగగొడితే, ఇనుమూ కార్బనూ కలిసిన సిమెంటైట్ అనే గట్టి రేణువులు వరుసలు కడతాయి. కత్తికి ఆమ్లం పూస్తే చుట్టూ ఉన్న లోహం నల్లబడి, ఆ వరుసలు తెల్లగా తేలతాయి.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో డమాస్కస్ పేరుతో అమ్మే కత్తులు ఎక్కువగా ఇవి కావు, రెండు రకాల ఉక్కు రేకులు కలిపి అతికి, మడతపెట్టి కొట్టినవి. అదీ మంచి పనే, కానీ పని వేరు, దాన్ని ఆ పాత పేరుతో అమ్మడం నాకు నచ్చదు.

1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే అంతటివాడు ఈ ఉక్కును పరీక్షించినా గుట్టు దొరకలేదు. అమెరికాలో లోహ శాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి పనిచేసి 1998లో చెప్పిందేమిటంటే, ఖనిజం నుంచి వచ్చే వెనేడియం లాంటి మూలకం ఉక్కులో శాతంలో వందో వంతు కన్నా తక్కువున్నా చాలు, రేణువులు వరుస కడతాయి, అది లేకపోతే కట్టవు. అంటే ఖనిజం మారితే, తాతలు చేసినట్టే చేసినా కమ్మరికి గీతలు రావు, ఎందుకు రాలేదో తెలుసుకునే దారి కూడా అప్పట్లో లేదు.