షీటు అంచున కుచ్చిళ్ళు: పావు మిల్లీమీటరు వెనక వందేళ్ళ కథ

అనంతపురంలో బీరువాలు చేసే షాపు ముందు కాసేపు నిలబడితే ఒక చప్పుడు వినిపిస్తుంది. కొత్త ఉక్కు షీటును బల్ల మీద పరిచి అరచేత్తో నొక్కి చూస్తారు. మధ్యలో పొంగు ఉంటే టక్కుమని లోపలికి పోతుంది, చెయ్యి తీయగానే టక్కుమని పైకి లేస్తుంది. లోపం అంచులో ఉంటే షీటు బల్లకు ఆనదు, చీర కుచ్చిళ్ళలా లేచి నిలుస్తుంది. పెయింటు వేశాక దాచడం ఇంకా కష్టం. తలుపులో ట్యూబ్‌లైటు వంకర్లు తిరిగి కనిపిస్తుంది.

గేజి, అంటే షీటు మందం, సరిగ్గానే ఉంది కదా, మరి ఇదేంటని కొనేవాళ్ళు గొడవపడతారు. గేజి వేరు, చదును వేరు. ఒక లెక్క చూద్దాం. మీటరు పొడవున ఒక అల, దాని ఎత్తు 10 మిల్లీమీటర్లు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే లోపమిది. ఆ అంచు మిగతా షీటు కంటే ఎంత ఎక్కువ సాగిందంటే, మీటరుకు పావు మిల్లీమీటరు. అంతే. మిల్లులవాళ్ళు దీన్ని ఐ-యూనిట్లలో కొలుస్తారు. కిలోమీటరు పొడవున సెంటీమీటరు తేడా వస్తే ఒక యూనిట్. మన బీరువా షీటులోని అల పాతిక యూనిట్లు.

ఈ పావు మిల్లీమీటరు ఎక్కడిది? కావడి మోసేవాణ్ణి తలుచుకోండి. భుజం మధ్యలో ఆనుతుంది, కుండలు చివర్లలో వేలాడతాయి, బద్ద రెండు కొసలూ కిందికి వంగుతాయి. మిల్లులో ఉక్కును కిందా పైనా ఉన్న రోలర్ల సందులో ఒత్తి షీటు చేస్తారు. అక్కడ పై రోలర్ పరిస్థితీ ఇదే. మధ్యలో ఉక్కు కింది నుంచి ఎదురు తంతుంది, రెండు చివర్లనూ బేరింగులు కిందికి అదిమి పట్టుకుంటాయి. కింది రోలర్ తిరగేసిన కావడి. ఎంత లావు ఉక్కు రోలర్ అయినా వెంట్రుకవాసి వంగుతుంది. దాంతో షీటు అంచులు ఎక్కువ నలిగి ఎక్కువ సాగుతాయి. సాగిన పొడవుకు పోయే దారి లేక అలలై లేస్తుంది. అప్పడం అంచును మరీ పల్చగా ఒత్తితే ముడతలు పడేదీ అందుకే.

ఈ వంపుకు తొలి మందు రోలర్‌కు పొట్ట పెట్టడం. మధ్యలో కాస్త లావుగా ఉండేలా సాన పడతారు, బరువుకు వంగాక సందు సమానమవుతుంది. వినడానికి బాగానే ఉంది గానీ, ఆ పొట్ట ఒక్క బరువుకే సరిపోతుంది. షీటు వెడల్పు మారినా, ఉక్కు గట్టిదనం మారినా లెక్క తప్పుతుంది. పైగా పని సాగేకొద్దీ రోలర్ మధ్యభాగం వేడెక్కి ఉబ్బుతుంది. షిఫ్టు మొదట్లో అంచు అలలు, రెండు గంటలు గడిచాక నడుమ పొంగు. అనుభవమున్న ఆపరేటరు చన్నీళ్ళ గొట్టాలను ఒకచోట విప్పి, ఇంకోచోట కట్టి సర్దుకొచ్చేవాడు. నా లెక్కలో ఈ కథలో అసలు నిపుణుడు వీడే.

1920ల్లో అమెరికాలోని ఆష్‌లాండ్‌లో జాన్ టైటస్ వెడల్పాటి షీటును ఆపకుండా వరుస స్టాండ్లలో (ఒక్కో స్టాండులో ఒక్కో రోలర్ల జట్టు) నడిపించే మిల్లు పెట్టాడు. అంతకుముందు రేకులను ఒక్కొక్కటిగా, మడతలు వేసి, మనుషులే పట్టకార్లతో తిప్పుతూ ఒత్తేవారు. టైటస్ పట్టుకున్న కీలకం ఒకటుంది: షీటు మధ్యలో కొంచెం మందంగానే ఉండాలి, ఆ మందాన్ని ఒక్కో స్టాండులో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. ఒకేసారి సరిచేయబోతే షీటు పక్కకు పరిగెడుతుంది. సన్న రోలర్ల వెనక లావు రోలర్లను ఆసరాగా నిలిపే నాలుగు రోలర్ల స్టాండు ఆ దశాబ్దంలోనే పాతుకుంది. తర్వాత రోలర్ చివర్లను హైడ్రాలిక్ జాకీలతో ఎదురు వంచడం వచ్చింది. కావడి కొసలను ఎవరో కిందినుంచి ఎత్తి పట్టుకున్నట్టు.

అయినా ఒక చిక్కు మిగిలింది. మిల్లులో షీటు బిగువుగా లాగబడుతూ ఉంటుంది, ఆ బిగువులో వంకర షీటు కూడా అద్దంలా చదునుగా కనిపిస్తుంది. అల బయటపడేది బిగువు వదిలాకే, అంటే చుట్టగా చుట్టిన షీటు (కాయిల్) అమ్ముడుపోయాక. కాబట్టి ఆపరేటర్లు పరిగెత్తే షీటును కర్రతో తట్టి చూసేవారు. వదులుగా ఉన్నచోట చేతికి తేడా తెలిసేది. ఆ కర్ర పనిని యంత్రం చేత చేయించింది స్వీడన్ కంపెనీ ఏసియా (ASEA). పొడవునా ముక్కలుగా విడగొట్టిన కొలత రోలర్ మీదుగా షీటును నడిపి, ఒక్కో ముక్క మీద పడే ఒత్తిడిని విడిగా చదివింది. తక్కువ ఒత్తిడి ఉన్నచోట షీటు ఎక్కువ సాగినట్టు లెక్క. మొదటిది 1967లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో, అల్యూమినియం మిల్లులో పెట్టారు. కొలత దొరికాక దిద్దుబాటు పరుగందుకుంది. 1970ల్లో జపాన్‌లో హిటాచీ నడిమి రోలర్లను పక్కకు జరిపే ఆరు రోలర్ల మిల్లు తెచ్చింది. 1980ల్లో జర్మన్లు రోలర్లను సీసా ఆకారంలో సాన పట్టి, ఎదురెదురుగా జరిపితే సందు రూపమే మారేలా చేశారు. పొట్ట ఎంత కావాలంటే అంత, అప్పటికప్పుడు.

మన సీమకు వద్దాం. తాడిపత్రి దగ్గరున్న ఉక్కు కర్మాగారం కడ్డీలు చేసేది, విశాఖ ఉక్కు కూడా ప్రధానంగా కడ్డీలు, తీగ, యాంగిళ్ళ సరుకే. మనకు దగ్గరలో షీటు తయారయ్యేది బళ్లారి దాటాక తోరణగల్లులో. కడప ఉక్కు సంగతి అందరికీ తెలిసిందే. 2007లో బ్రాహ్మణి స్టీల్స్, 2014 విభజన చట్టంలో కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలన్న మాట, ఆపైన 2018, 2019, 2023లో జమ్మలమడుగు ప్రాంతంలో శంకుస్థాపనలు. శిలాఫలకాలు మాత్రం మంచి చదునుగా ఉన్నాయి. ఇన్నేళ్ళ చర్చలో ఎకరాలూ ఉద్యోగాలూ ఖనిజమూ వినపడ్డాయి గానీ, కడ్డీ చేస్తారా షీటు చేస్తారా అన్న ప్రశ్న నాకు పెద్దగా వినపడలేదు. రెండూ ఒక పని కాదు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఈ తేడా మన గుమ్మంలోకే వచ్చింది. కారు డోరుకు కడ్డీ పనికిరాదు.

బీరువా షాపు దగ్గర ఇంకో రకం లోపమూ దొరుకుతుంది. షీటు చదునుగానే ఉంటుంది, సన్న పట్టీలుగా కోయగానే పట్టీ కత్తిలా పక్కకు వంగిపోతుంది. షీటు ఒకవైపు ఎక్కువ సాగి, ఆ బిగువు లోపలే బందీగా ఉంటే ఇలా అవుతుంది. కోత పడగానే విడుదల. మిల్లు చివర లెవెలర్‌లో రోలర్ల మధ్య అటూ ఇటూ వంచి ఈ బిగువును చాలావరకు చంపుతారు, పూర్తిగా కాదు.

అందుకే పనివాళ్ళు బీరువా తలుపు వెనక నిలువునా ఒక పట్టీ వేస్తారు. గీత గీసినట్టు వెల్డు చేస్తే ఆ వేడికి షీటు మళ్ళీ పొంగుతుంది కాబట్టి, జానెడుకో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, ఇంకోచోట ఇంకో చుక్క పెడతారు.