మెట్లు లేని ఉద్యోగం: సోషల్ వర్కర్ల సంఘం ఎందుకు నిలబడలేదు

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి. మగవాళ్ల వార్డులో డెబ్బై దాటిన పెద్దాయన. కాలు విరిగి చేరాడు, ఆపరేషన్ అయింది, డిశ్చార్జి రాసి నాలుగు రోజులైంది. తీసుకెళ్లేవాళ్లు రాలేదు. ఇంట్లో మాట పడక ఒక్కడే కొండకు బయల్దేరి వచ్చాడట, అంతకుమించి నోరు విప్పడు. సోషల్ వర్క్ పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూలో నాతో చదివిన అమ్మాయి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "మీ ఊరు యాడ తాతా?" అంటే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె ఊరి మాట వదిలేసి, "ఎనుములు ఎన్ని ఉండె మీకు?" అంది. రెండన్నాడు. పాలు యాడ పోసేవాళ్లని అడిగింది. పాలకేంద్రం పేరు చెప్పాడు, అక్కడ వెన్న శాతం తక్కువ రాస్తారని కోపం కూడా చెప్పాడు. ఆ పేరు పట్టుకుని ఆమె నలుగురికి ఫోన్లు చేసింది. మధ్యాహ్నానికి కూతురి నంబరు దొరికింది.

సాయంత్రం కూతురు వచ్చింది. ఏడ్చింది, నాయన కాళ్లు పట్టుకుంది. తర్వాత నా క్లాస్‌మేట్ వైపు తిరిగి, "మీరు డాక్టరమ్మా, సిస్టరా?" అని అడిగింది. సోషల్ వర్కర్‌నని చెబితే, "ఏ ట్రస్టు తరఫునమ్మా?" అంది.

ఆ కూతురి తప్పేమీ లేదు. సోషల్ వర్కర్ అనే మాటకు మన దగ్గర అంతకన్నా స్పష్టమైన అర్థం ఏర్పడలేదు. రక్తదాన శిబిరం పెట్టినాయనా, వినాయక చవితికి అన్నదానం చేసినాయనా సోషల్ వర్కరే. రెండేళ్లు చదివి, వారానికి రెండ్రోజులు ఫీల్డ్ వర్క్ చేసి, పీజీ పట్టా తీసుకున్న మనిషీ సోషల్ వర్కరే. మొదటివాళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఈ రెండూ ఒకటే అయిపోవడం వల్ల రెండోవాళ్ల బతుకులు ఎలా తయారయ్యాయో, వాళ్ల సంఘాలు ఎందుకు బలపడలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సేవ కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం మిషన్ సంస్థలు 1915లో శానిటోరియం తెరిచాయి. దేశంలో బీసీజీ టీకా మొదటిసారి వేసింది కూడా మదనపల్లెలోనే, 1948లో. అప్పట్లో క్షయకు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. నెలల తరబడి అక్కడే ఉండాలి. 1950ల చివర మద్రాసులో జరిగిన ఒక పరిశోధన, మందులు ఇంటి దగ్గర వేసుకున్నా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని తేల్చింది. దాంతో పని తీరే మారింది. మంచం మీదున్న రోగిని నర్సు చూసుకుంటుంది. ఇంట్లో ఉన్న రోగి మందు మానేస్తే, అది మరిచిపోయి మానేశాడా, ఒక పూట కూలి పోతుందని మానేశాడా, పళ్లెం విడిగా పెట్టారన్న బాధతో మానేశాడా అని కనుక్కోవడానికి ఇంకో మనిషి కావాలి. సోషల్ వర్క్ చదువు తయారు చేయాలనుకున్నది ఆ మనిషినే.

తిరుపతిలో దేవస్థానం అనాథ పిల్లలకు బాలమందిరం, వినపడని పిల్లలకు బడి, కుష్ఠు రోగులకు పూర్‌హోం, కీళ్లు ఎముకల వైద్యానికి బర్డ్ ఆసుపత్రి నడుపుతూ వచ్చింది. 1981లో తిరుపతి కేంద్రంగా రాయలసీమ సేవా సమితి మొదలైంది, అదే తర్వాత రాష్ట్రీయ సేవా సమితి అయింది. దాన్ని ముందుండి నడిపిన జి. మునిరత్నంకు 2012లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి సంస్థలు ఈ సీమలో చాలామంది ఎంఎస్‌డబ్ల్యూ పిల్లలకు మొదటి ఫీల్డ్ వర్క్, మొదటి జీతం.

ఇదంతా సేవ దారి. ఈ దారిలో మన తెలుగువాళ్లకు అందరికన్నా పెద్ద పేరు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చుని, 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. ఆమె చదువు లా. బోర్డు పని, దేశమంతటా ఉన్న స్వచ్ఛంద సంస్థలను వెతికి గ్రాంట్లు ఇవ్వడం. ఊళ్లలో ఆడవాళ్లకు, పిల్లలకు అప్పటిదాకా అందనివి అందాయంటే ఆ గ్రాంట్లవల్లే. ఆమె మీద నాకున్న అభిమానం తగ్గకుండానే ఒక మాట అంటాను. సంక్షేమం అంటే స్కీము, స్కీము అంటే గ్రాంటు, గ్రాంటు అంటే ఏడాదికోసారి రెన్యువల్ అనే పద్ధతి అప్పటినుంచే స్థిరపడింది. పనిచేసే మనిషి జీతం కూడా ఆ గ్రాంటులో ఒక పద్దు అయింది. 1975లో పిల్లల పోషణ, సంరక్షణ కోసం ఐసీడీఎస్ అనే కేంద్ర పథకం వచ్చి అంగన్‌వాడీలు తెరిచినప్పుడు, అక్కడి టీచరుకు ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఇప్పటికీ అదే మాట.

రెండో దారి చదువు దారి. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ పుట్టింది. నాగ్‌పాడా మురికివాడల్లో పనిచేసిన క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే అమెరికన్ దానికి తొలి డైరెక్టర్. 1944లో అది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ స్థాపించారు. మన దగ్గర 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. రెండు చోట్లా కాలక్రమంలో ఎంఎస్‌డబ్ల్యూ చేరింది. పీలేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి పీజీ చదివినవాళ్లు ఈ క్లాసుల్లో చాలామంది. నేనూ వాళ్లలో ఒకణ్ణి. "ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే చదివినాంక ఏం పోస్టురా?" అని మా చిన్నాయన అడిగితే నేను చెప్పిన జవాబు ఆయనకూ అర్థం కాలేదు, నాకూ ధైర్యం ఇవ్వలేదు.

పోస్టులు లేవా అంటే, ఉన్నాయి. చట్టాల్లోనే ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఐదు వందలు, ఆపైన కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి ఉండేది. 2020లో చేసిన కార్మిక భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ సంఖ్యను 250కి దించారు. ఒకప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు గట్టి ఉద్యోగం అంటే అదే. పర్సనెల్ మేనేజ్‌మెంట్ పోయి హెచ్ఆర్ వచ్చేసరికి ఆ కుర్చీల్లో ఎంబీఏవాళ్లు కూర్చున్నారు. 1990ల తర్వాత హెచ్ఐవీ కార్యక్రమాల్లో కౌన్సిలర్లు వచ్చారు, అంతా కాంట్రాక్టే. 2014 అవయవమార్పిడి నిబంధనల్లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ అర్హతల దగ్గర సోషల్ వర్క్ పీజీ పేరు ఉంది, అయితే ఉంటే మంచిదన్నంత వరకే.

2015 బాలల న్యాయ చట్టం దగ్గర కాసేపు ఆగాలి. జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలి, వాళ్లలో ఒకరు మహిళ అయివుండాలి. పదవి పేరే సోషల్ వర్కర్. ఆ పదవికి అర్హతలు 4వ సెక్షన్లో రాశారు. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమాల్లో ఏడేళ్లు పనిచేసి ఉండాలి, లేదా చైల్డ్ సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, లా వీటిలో ఒక డిగ్రీతో ప్రాక్టీసులో ఉండాలి. సోషల్ వర్క్ డిగ్రీ ఆ జాబితాలో లేదు. నేను మొదటిసారి చదివినప్పుడు పేజీ తప్పు తీశాననుకుని మళ్లీ మొదట్నుంచి చదివాను. అదే చట్టంలో బాలల సంక్షేమ కమిటీల సెక్షన్లో మాత్రం సోషల్ వర్క్ అనే మాట ఉంది. బోర్డు సెక్షన్లో చేర్చలేదు.

ఒక చట్టం రాసేటప్పుడు ఫలానా డిగ్రీ పేరు రాయండని వెళ్లి కూర్చునేవాళ్లు ఉండాలి. డాక్టర్లకు ఉన్నారు, లాయర్లకు 1961 అడ్వకేట్స్ చట్టం నుంచి బార్ కౌన్సిల్ ఉంది. నర్సులకు 1947 చట్టంతో నర్సింగ్ కౌన్సిల్ వచ్చింది. మొదట చెప్పిన వార్డులోనే చూడండి. అక్కడి స్టాఫ్ నర్సు ఏళ్లు గడిస్తే హెడ్ నర్సు అవుతుంది, తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ అవుతుంది. ముందు ఏ మెట్టు ఉందో ఆమెకు తెలుసు. తన సీనియర్ ఎవరో తెలుసు. ఆ సీనియర్లే సంఘానికి నాయకులవుతారు, మంత్రి దగ్గరికి మెమోరాండం పట్టుకెళ్తారు. నా క్లాస్‌మేట్‌కు పైన సోషల్ వర్కర్ ఎవరూ లేరు. పదకొండు నెలల కాంట్రాక్టు, ఒకరోజు బ్రేక్, మళ్లీ పదకొండు నెలలు. పదేళ్లు చేసినా కొత్తగా చేరినట్టే.

మన రాష్ట్రంలో ఎన్జీవో అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి స్వచ్ఛంద సంస్థ. రెండోది నాన్ గెజిటెడ్ ఆఫీసర్. ఈ రెండో ఎన్జీవోల సంఘం 2013లో సమైక్యాంధ్ర కోసం 66 రోజులు సమ్మె చేసి సీమాంధ్ర జిల్లాల్లో ఆఫీసులు మూయించింది. అప్పటి అధ్యక్షుడు అశోక్‌బాబు తర్వాత ఎమ్మెల్సీ అయ్యారు. సర్వీసు, సీనియారిటీ, సభ్యత్వం, ఎన్నికలు ఉన్న చోట నాయకత్వం ఎలా పెరుగుతుందో అందులో కనబడుతుంది. మొదటి రకం ఎన్జీవోలో పనిచేసే మనిషికి ప్రాజెక్టు ముగిస్తే సభ్యత్వ రుసుం కట్టే జీతమే ఉండదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించాక, ఆ డబ్బు మీద నడిచే సంస్థల్లో సిబ్బంది జీతాల దగ్గర ఇంకా టెన్షన్ పెరిగింది.

సంఘాలు పెట్టే ప్రయత్నం జరగలేదని కాదు. సోషల్ వర్క్ కళాశాలల సంఘం 1960 ప్రాంతంలోనే వచ్చింది. శిక్షణ పొందిన సోషల్ వర్కర్ల జాతీయ సంఘమూ ఆ కాలానిదే, 1980లు దాటేసరికి నీరసించిపోయింది. మానసిక వైద్య రంగంలో ఉన్నవాళ్లు 1970లో తమకంటూ ఒక సొసైటీ పెట్టుకున్నారు. 1990ల్లో సోషల్ వర్క్‌కు జాతీయ కౌన్సిల్ కావాలని బిల్లు ముసాయిదా తయారైంది, చట్టం కాలేదు. 2005లో ఢిల్లీలో ప్రొఫెషనల్ సోషల్ వర్కర్ల జాతీయ సంఘం, నాప్స్వి, మొదలైంది.

వీటన్నిట్లో ముందు వరసలో కనిపించేది ఎక్కువగా అధ్యాపకులు. అది వాళ్ల తప్పని నేననను. ఈ వృత్తిలో పర్మనెంటు ఉద్యోగం, ప్రమోషన్, సెలవు పెట్టుకుని మీటింగుకు వెళ్లే వీలు ఉన్నది వాళ్లకే. ఆర్మైటీ దేశాయ్‌నే తీసుకోండి. బొంబాయిలోని నిర్మలా నికేతన్ సోషల్ వర్క్ కాలేజీలో ప్రిన్సిపాల్, 1982 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్, 1995 నుంచి 1999 దాకా యూజీసీ అధ్యక్షురాలు. ఒక సోషల్ వర్కర్ దేశ ఉన్నత విద్యకే తలమానికమైన కుర్చీలో కూర్చుంది. ఎంత గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి! కానీ ఆ మెట్లన్నీ యూనివర్సిటీవే. వార్డులోనో, బాలసదనంలోనో, ఫ్యాక్టరీలోనో మొదలుపెట్టి ఆ ఎత్తుకు చేరే మెట్లు ఎవరూ కట్టలేదు.

అమెరికాలో 1955లో ఏడు వేర్వేరు సంఘాలు కలిసిపోయి ఒకే జాతీయ సంఘం అయ్యాయి. నల్లవారి హక్కుల కోసం పోరాడిన విట్నీ యంగ్ 1971లో చనిపోయేనాటికి దాని అధ్యక్షుడు. అక్కడ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, అది లేకుండా క్లినికల్ సోషల్ వర్క్ చేయకూడదు. సంఘం మాటకు విలువ వచ్చింది ఉపన్యాసాలవల్ల మాత్రమే కాదు, ఏడు సంఘాలు పంతాలు పక్కనపెట్టి కలవడం వల్ల, లైసెన్సు కోసం పట్టుబట్టడం వల్ల.

మన దగ్గర ఇప్పుడు ఒక తలుపు సగం తెరుచుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో నిర్వచించింది: సోషల్ వర్క్ పీజీ, దానిమీద రెండేళ్ల ఎంఫిల్. చట్టం అలా రాసిన ఐదేళ్లకు, 2022లో, యూజీసీ ఎంఫిల్‌నే రద్దు చేసింది. తర్వాత ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 వరకు గడువు పొడిగించింది. ఇక 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్ల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. రాష్ట్ర కౌన్సిల్ పెట్టాలి, రిజిస్టరు రాయాలి, పేరు నమోదైనవాళ్లే ఆ హోదా వాడుకోవాలి. ఎనభై ఏళ్లకు పైగా లేనిది ఇది. అయితే ఇది ఆసుపత్రుల వైపు ఉన్నవాళ్లకే. పిల్లల హోముల్లో, కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రాల్లో, ఊళ్లలో పనిచేసేవాళ్లు బయటే ఉన్నారు. వృత్తి రెండు ముక్కలైపోకుండా ఇప్పుడే పట్టుబట్టాల్సినవాళ్లం మనమే, తిరుపతిలో పాతబ్యాచీలవాళ్లు నెలకోసారైనా కూర్చుని మాట్లాడుకుంటే తప్ప అది ఢిల్లీలో ఎవరో చేసిపెట్టే పని కాదు.

రిజిస్టరు సంగతి విన్నాక నా క్లాస్‌మేట్ తన ఆర్డర్లన్నీ వెతికి తీసింది. పట్టా, మార్కుల జాబితాలు, ఏడు కాంట్రాక్టు ఆర్డర్ల జిరాక్సులు, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టింది. ఆర్డర్లను మంచం మీద వరసగా పరిచి చూపించింది. రెండింటిలో కౌన్సిలర్, రెండింటిలో కోఆర్డినేటర్, ఒకదాంట్లో ఔట్‌రీచ్ వర్కర్, ఒకదాంట్లో ఫీల్డ్ అసిస్టెంట్. సోషల్ వర్కర్ అని ఉన్నది ఒక్కటే. దాని మీద సంతకం పక్కన స్టాంపు సరిగా పడలేదు. మళ్లీ వేయించుకుని వస్తానని ఆ కాగితం ఒక్కటీ విడిగా తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.