ఎల్డెన్ రింగ్‌లో చస్తున్నది చెయ్యి స్లో అయ్యి కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో గేమింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర కూర్చుంటే రోజూ వినపడే మాట ఒకటుంది: "నా వల్ల అవ్వదన్నా, నా చెయ్యి స్లో." ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో స్టార్మ్‌వెయిల్ కోట ముందు కాపుండే మార్గిట్ అనే బాసు (పెద్ద శత్రువు) చేతిలో తన్నులు తిని కంట్రోలర్ పక్కన పెట్టేసినవాళ్ల మాట అది. ఇంటర్ చదివే గుంటలూ అంటారు, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదిన్నరకి ఆట మొదలెట్టే ఉద్యోగస్తులూ అంటారు. రెండో రకం వాళ్లు మరీ దిగులుగా అంటారు, వయసైపోయిందన్నట్టు. శ్రీకాకుళం నుంచి వాట్సాప్‌లో వీడియోలు పంపి "ఏటి తప్పు చేస్తున్నానో చూడండి మాస్టారూ" అని అడిగేవాళ్లదీ ఇదే గోడు. ఆ వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే పదింట ఎనిమిది తొమ్మిదిట్లో చెయ్యి స్లో ఏమీ కాదు. అతి ఫాస్టు. రోగం అదే.

అపోహ: రిఫ్లెక్సులు ఉన్న కుర్రాళ్లకే ఈ గేమ్

వాస్తవం: కొత్తవాళ్లు ఆలస్యంగా రోల్ చేసి (దొర్లి దెబ్బ తప్పించుకోబోయి) చావరు. ముందే రోల్ చేసేసి చస్తారు.

మార్గిట్ కర్ర పైకెత్తుతాడు. ఎత్తి అలాగే ఉంచుతాడు. మామూలు గేముల్లో శత్రువు చెయ్యి ఎత్తాడంటే మరుక్షణం దెబ్బ పడుతుంది, మన బుర్రకి అదే అలవాటు. ఇక్కడ ఎత్తడానికీ దించడానికీ మధ్య కావాలనే ఖాళీ పెట్టారు. మన ఊరి అయోధ్య మైదానంలో స్లో బాల్‌కి ముందే బ్యాటు ఊపేసి బౌల్డ్ అయినవాడి పరిస్థితే మీది కూడా. రోల్ చేసినంతసేపూ దెబ్బ తగలదని అనుకోకండి. రోల్ మొదటి భాగంలో, అర సెకను కన్నా తక్కువ సేపు మాత్రమే ఆ రక్షణ ఉంటుంది. మిగతా భాగం లేచి నిలబడడానికి పోతుంది, అప్పుడు తగిలితే పూర్తి దెబ్బే. ముందే దొర్లినవాడు సరిగ్గా లేచే వేళకి కర్ర నెత్తిన పడుతుంది.

అసలు నష్టం దీని తర్వాతే మొదలవుతుంది. చచ్చినవాడు "లేటయ్యాను" అనుకుంటాడు. మరుసటిసారి ఇంకాస్త ముందు నొక్కుతాడు. ఇంకా ఘోరంగా తగులుతుంది. అక్కణ్ణుంచి భయం, భయం నుంచి బటన్ మీద టకటకా నొక్కుడు. కాబట్టి మొదటి సలహా ఇంతే: తగిలిన ప్రతిసారీ "ముందా, లేటా" అని మిమ్మల్ని మీరే అడగండి. తెర మీది మీ బొమ్మ దొర్లి లేస్తుండగా తగిలితే ముందే నొక్కారు. నిలబడి ఉండగా తగిలితే అప్పుడే లేటు. కర్ర కదలడం మొదలెట్టాక, కిందికి వస్తుండగా నొక్కండి. ఎత్తిన చేతిని కాదు, దిగే చేతిని చూడాలి.

తర్వాతది బొటనవేలి సంగతి. ఎవరైనా ఆడుతుంటే స్క్రీన్‌తోపాటు వాళ్ల వేలు కూడా కనిపించేలా వీడియో తీయించి చూడండి, మూడు తప్పులు బయటపడతాయి.

ఒకటి, బటన్‌ని నొక్కి పట్టుకోవడం. ఈ గేమ్‌లో పరుగుకీ రోల్‌కీ ఒకటే బటన్: పట్టుకుంటే పరుగు, నొక్కి వదిలితే రోల్. అందువల్ల రోల్ నొక్కినప్పుడు రాదు, వేలు తీసినప్పుడు వస్తుంది. భయంలో గట్టిగా అదిమినవాడికి వేలు లేవడం ఆలస్యమవుతుంది, "నొక్కినా అవ్వట్లేదేటి" అంటాడు. పక్కనున్న వేళ్లన్నీ బిగుసుకుపోయి కంట్రోలర్ కిర్రుమంటుంటే కారణం ఇదే అనుకోవచ్చు. తేలికగా తట్టి వదలండి. కీబోర్డులో స్పేస్ బార్‌కీ అంతే.

రెండు, ఒక్క దెబ్బకి నాలుగైదుసార్లు నొక్కడం. గేమ్ మీ చివరి నొక్కుడుని గుర్తుపెట్టుకుంటుంది. దెబ్బ తిని కింద పడి ఉండగా నొక్కినా, లేవగానే ఆ రోల్ దానంతటదే జరిగిపోతుంది, మార్గిట్ రెండో కర్ర దెబ్బ సరిగ్గా అప్పుడే దిగుతుంది. "నేను నొక్కకుండానే దొర్లుతోంది" అని వచ్చేవాళ్లు కంట్రోలర్ పాడైందనుకుంటారు. పాడవలేదు. ఒక దెబ్బకి ఒక తట్టు, అంతే.

మూడు, స్టిక్ వదిలేసి బటన్ నొక్కడం. అలా చేస్తే రోల్ రాదు, వెనక్కి చిన్న గెంతు వస్తుంది. దానికి రోల్‌కి ఉన్న రక్షణ లేదు. కాబట్టి బటన్ తట్టేటప్పుడు ఎడమ స్టిక్ ఎటో ఒకవైపు తోసి ఉండాల్సిందే.

ఎటు తొయ్యాలి? వెనక్కి మాత్రం కాదు. మనిషి సహజంగా వెనక్కే పోతాడు, కానీ ఈ బాసుల ఆయుధాలు పొడుగు, కాంబోలు (వరస దెబ్బలు) ముందుకు తోసుకుంటూ వస్తాయి. వెనక్కి దొర్లితే మొదటి దెబ్బ తప్పుతుంది, రెండోది, మూడోది తగులుతాయి. ఆయుధం వస్తున్న వైపుకే, కొంచెం ముందుకి దొర్లండి. దాని కింద నుంచి అటువైపు తేలతారు, పక్కటెముకలు మీ ముందే ఉంటాయి. రెండు దెబ్బలు వెయ్యండి, ఆపండి. మూడోది ఆశ. స్టామినా (కొట్టడానికీ దొర్లడానికీ ఖర్చయ్యే సత్తువ) పట్టీలో ఒక రోల్‌కి సరిపడా ఎప్పుడూ మిగల్చాలి, అది ఖాళీ అయ్యాక ఎంత టైమింగ్ ఉన్నా బొమ్మ కదలదు. డాలు పైకెత్తి ఉంచినంతసేపూ స్టామినా నెమ్మదిగా నిండుతుంది, దెబ్బల మధ్య డాలు దించుకోవాలి. మార్గిట్ వెనకే కాపురం పెట్టొద్దు, తోకతో ఊడుస్తాడు.

దీనికి అభ్యాసం ఇలా. రూన్స్ (చస్తే చేజారే ఆట డబ్బు) అన్నీ ఖర్చుపెట్టేసి లోపలికి వెళ్లండి, పోగొట్టుకోడానికి ఏమీ లేకపోతే చెయ్యి వణకదు. మొదటి మూడు పోరాటాల్లో ఒక్క దెబ్బ కూడా కొట్టొద్దు. రోల్ మాత్రమే. కర్ర పైనుంచి దిగేది, పక్క నుంచి ఊడ్చేది, ఎగిరి పడేది: ఈ మూడూ చూసి గుర్తుపట్టేదాకా అలాగే ఉండండి. నాలుగోసారి నుంచి ఎగిరి పడిన తర్వాత మాత్రమే ఒక దెబ్బ. అక్కణ్ణుంచి ఒక్కొక్క ఖాళీ కలుపుకుంటూ పోవాలి. చాలామంది మొదటి పోరాటం నుంచే గెలవాలని ఆడతారు, అందుకే ముప్పయ్యో పోరాటానికి కూడా మార్గిట్ కదలికలు తెలియవు.

ఇంకొకటి, ఇంట్లో ఆడేవాళ్లకి తప్పనిసరి: టీవీ. మన ఇళ్లలో టీవీలు సినిమాకి, సీరియల్‌కి సెట్ అయి ఉంటాయి. కదలికని నున్నగా చూపించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే దృశ్యం ఆలస్యంగా తెర మీదకొస్తుంది, మీరు చూసిన దెబ్బ అప్పటికే పడిపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ని గేమ్‌కి మార్చండి. కొన్ని టీవీల్లో ఇది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడివిడిగా ఉంటుంది, ఒకదానికి పెట్టి ఇంకోదానికి తీగ తగిలిస్తే ఫలితం సున్నా. ఫోన్‌లో రిమోట్ ప్లే పెట్టి మొబైల్ డేటా మీద మార్గిట్‌ని కొడతానంటే దండం.

చెయ్యి నిజంగానే నెమ్మది అనుకునేవాళ్లకి వేరే దారి ఉంది, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. భౌతిక దెబ్బని నూటికి నూరు ఆపే డాలు తీసుకోండి. వాగబాండ్ క్లాస్‌కి (ఆట మొదట్లో ఎంచుకునే పాత్ర రకం) మొదట్లోనే ఇచ్చే హీటర్ షీల్డ్ అలాంటిదే. దెబ్బని డాలుతో ఆపి, వెంటనే బరువు దాడి బటన్ నొక్కితే గార్డ్ కౌంటర్ పడుతుంది. నాలుగైదు పడితే బాసు మోకాళ్ల మీద కూలతాడు, ముందుకెళ్లి మామూలు దాడి బటన్ నొక్కితే క్రిటికల్, అంటే చాలా పెద్ద దెబ్బ. దీనికి టైమింగ్ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. డాలు స్టామినా తాగేస్తుంది, అదొక్కటే జాగ్రత్త.

అపోహ: డ్యామేజ్ పెరిగితే బాసు త్వరగా పోతాడు, పాయింట్లన్నీ స్ట్రెంగ్త్‌కే

లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్‌ని స్ట్రెంగ్త్‌కి (బలానికి) వేస్తే మొదట్లో పెరిగే డ్యామేజ్ చాలా కొద్ది. ఆయుధాన్ని మెరుగుపరిచి +3 చేస్తే వచ్చేది దానికి ఎన్నో రెట్లు. మామూలు ఆయుధానికి మొదటి మెట్టు స్మితింగ్ స్టోన్లు (ఆయుధాన్ని మెరుగుపరిచే రాళ్లు) +1కి 2, +2కి 4, +3కి 6, మొత్తం 12 కావాలి. మొదటి ప్రాంతంలో ఉన్న లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గనిలో గోడల్లో మెరుస్తుంటాయి, కొట్టి ఏరుకోండి. చర్చ్ ఆఫ్ ఎల్లేలో ఉన్న దాగలి మీద +3 దాకానే వస్తుంది, ఆపైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో హ్యూగ్ అనే కమ్మరి దగ్గరికి వెళ్లాలి.

పాయింట్లు ప్రాణాన్ని, అంటే హెచ్‌పీని, పెంచే విగర్‌కి వెయ్యండి. విగర్ 10 దగ్గర హెచ్‌పీ 414, 20 దగ్గర 652, 40 దగ్గర 1450, 60 దగ్గర 1900. అరవై దాటాక 99 దాకా పోసినా 2100కే ఆగుతుంది. 25 నుంచి 40 మధ్య వేసే పాయింట్లు అన్నిటికన్నా లాభం. మార్గిట్‌కి 20 చాలు, రాజధానికి వెళ్లేసరికి 40 ఉండాలి. ఒక్క దెబ్బకే చచ్చేవాడికి తన తప్పేమిటో తెలుసుకునే అవకాశమే ఉండదు.

ఫ్లాస్కులు కూడా ఇందులో భాగమే. మొదట నాలుగిస్తారు, సాధారణంగా మూడు ఎర్రవి (తాగితే ప్రాణం నిండుతుంది), ఒకటి నీలం (మంత్రశక్తి నిండుతుంది). మంత్రాలూ స్కిల్సూ వాడనివాళ్లు గ్రేస్ (ఆగి సేదతీరే బంగారు వెలుగు చోటు) దగ్గర ఆ నీలాన్ని ఎర్రగా మార్చుకోవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలీదు. మార్గిట్ దగ్గర ఇరుక్కుంటే దక్షిణాన వీపింగ్ పెనిన్సులాకి పోండి, అక్కడి మూడు చర్చిల్లో ఫ్లాస్కుల శక్తి పెంచే మూడు సేక్రెడ్ టియర్లున్నాయి.

అపోహ: మన లెవెల్ పెరిగితే బాసు కూడా పెరుగుతాడు

పెరగడు. ఎవడు పుట్టించాడో గానీ ఈ పుకారు చావట్లేదు. ఒక్కో ప్రాంతంలో శత్రువుల బలం ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంకో మనిషిని ఆన్‌లైన్‌లో సాయం పిలిస్తే మాత్రం బాసు హెచ్‌పీ పెరుగుతుంది. స్పిరిట్ యాష్‌కి (పోరాటంలో తోడుగా పిలిచే ఆత్మలు) పెరగదు, కాబట్టి చర్చ్ ఆఫ్ ఎల్లేలో రాత్రిపూట రెన్నా అనే మంత్రగత్తె ఇచ్చే గంట, తోడేళ్ల యాష్ తప్పక తెచ్చుకోండి. అవి వాడితే చీటింగ్ అనే యూట్యూబ్ వీరులకి జవాబు అక్కర్లేదు, గేమ్ చేసినవాళ్లే ఇచ్చారు.

అపోహ: బాసు మన బటన్లు చదువుతాడు

సగం నిజం. కొందరు శత్రువులు మీరు ఫ్లాస్క్ ఎత్తడం చూసి ఆ క్షణమే దాడి చేస్తారు. మార్గిట్ దూరంగా ఉంటే వెలుగు బాకు విసురుతాడు. దూరం పరిగెత్తి తాగితే బతుకుతామన్నది అందుకే పని చెయ్యదు. వాడి కాంబో అయిపోయిన ఖాళీలో, కొట్టాల్సిన దెబ్బ మానుకుని తాగండి.

అపోహ: క్లాస్ తప్పు ఎంచుకున్నా, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి

అక్కర్లేదు. క్లాస్ అంటే మొదటి అంకెలు, మొదటి సామాను మాత్రమే. రెన్నాలా అనే బాసుని ఓడించాక ఆమెకే లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇస్తే పాయింట్లన్నీ తిరిగి పంచుకోవచ్చు. ఆటలోకి రాగానే కనిపించే బంగారు గుర్రపు రౌతుని కూడా మొదటి బాసనుకోకండి, చుట్టు తిరిగి పోవచ్చు. గుర్రం వచ్చాక చూసుకుందురు.

బరువు గురించి ఒక్క మాట. సామాను మోసే శక్తిలో 70 శాతం దాటితే రోల్ బస్తా పడ్డట్టు పడుతుంది, పైన చెప్పిన టైమింగంతా వృథా. 70 లోపు చాలు, 30 లోపు ఉండాలని కవచం విప్పేసి తిరగక్కర్లేదు.

అపోహ: లెవెల్ 150 ఉంది, డీఎల్‌సీ సులువే

2024 జూన్‌లో వచ్చిన డీఎల్‌సీ (అసలు ఆటకి విడిగా కలిపిన భాగం) షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో అడుగుపెట్టి రెండు దెబ్బలకి పోయినవాళ్లంతా ఇలా అనుకుని వెళ్లినవాళ్లే. అక్కడ లెక్క స్కాడుట్రీ ముక్కలది. గ్రేస్ దగ్గర వాటితో ఆశీర్వాదం (అక్కడ మీ దాడినీ రక్షణనీ పెంచేది) పెంచుకోవాలి, గరిష్ఠం 20. బాసు దగ్గర ఇరుక్కుంటే రూన్స్ కోసం కాకుల్ని కొట్టకండి, మ్యాప్ తిరిగి ముక్కలు ఏరండి.

చివరగా, ఆటతో సంబంధం లేని ఏడుపు ఒకటి. పీసీలో ఆడుతుండగా కరెంటు పోయి సేవ్ ఫైలు చెడిపోయిందని వచ్చేవాళ్లు వర్షాకాలంలో పెరుగుతారు. యూపీఎస్ లేకపోతే, వారానికోసారి యాప్‌డేటాలో రోమింగ్ కింద ఉన్న ఎల్డెన్ రింగ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అందులో ఎస్ఎల్2 (.sl2) అని ముగిసే ఫైలు, దాని పక్కనే బాక్ (.bak) అని ముగిసే ఇంకో ఫైలు ఉంటాయి. మొదటిది తెరుచుకోకపోతే, బాక్ ఫైలు పేరు చివర్లోంచి ఆ బాక్ తీసేసి మొదటిదాని చోట పెట్టండి, చాలాసార్లు మీ బొమ్మ తిరిగొస్తుంది.